అత్త చెప్పిన కాలేజీ

ఇరవై రెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, రెండో బ్రేకు మీద పాదం ఆనించి, జనానికి కారు నేర్పుతున్న మనిషికి ఎవరినీ నమ్మకపోవడం అలవాటైపోతుంది. డ్రైవింగు మాస్టారు ఎదురొచ్చే సైకిలు తిన్నగా పోతుందని నమ్మడు, అద్దంలో కనిపించే లారీ ఆగుతుందని నమ్మడు. ఆ అలవాటును గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రమ్మని భార్య దెప్పుతూనే ఉండేది.

ఆ ఉదయం ఆయన బూట్లు తుడుచుకుంటుంటే కూతురు చిట్టి వచ్చి ఎదురుగా నిలబడింది. తాను పెద్ద నర్సింగు కాలేజీలో చేరనని, ప్రభుత్వాసుపత్రి పక్కనున్న ప్రభుత్వ కాలేజీలో చేరతానని చెప్పింది. మాస్టారి చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

మొన్న ఆదివారం దాకా ఈ పిల్లకు పెద్ద కాలేజీ తప్ప లోకం లేదు. అద్దాల భవనం, ఏసీ క్లాసులు, చదువు ముగియగానే మంచి జీతమని రంగుల పుస్తకంలో రాసిన మాటలు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చాయి. ఫీజు ఎక్కువే. బ్యాంకు అప్పు కోసం ఆయన అప్పుడే కాగితాలు సిద్ధం చేశాడు. ఆదివారం చెల్లెలు వచ్చింది. మేనకోడలితో గదిలో గంటసేపు తలుపేసుకుని మాట్లాడి వెళ్లింది. సోమవారం నుంచి చిట్టి పాట మారిపోయింది.

ఎందుకని అడిగితే, రెండుచోట్లా వచ్చేది అదే డిగ్రీ అని, అప్పు మాత్రం ఒకటి కాదని ముక్తసరిగా చెప్పి జారుకుంది. ఆ వారమంతా లైబ్రరీకని చెప్పి మధ్యాహ్నాలు బయటికి వెళ్లింది. తిరిగొస్తే ఒంటిమీద పుస్తకాల వాసన కాదు, ఫినాయిల్ వాసన వచ్చేది. తండ్రి గదిలోకి వస్తే ఫోను బోర్లా పెట్టేది.

శుక్రవారం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఆయన రంగుల పుస్తకం తిరగేశాడు. మధ్యలో మడత పెట్టిన కాగితం దొరికింది. నిండా అంకెల వరసలు. అట్టడుగున చెల్లెలి చేతిరాత: "ఇది ఇంట్లో చెప్పకు."

చెల్లెలు పన్నెండేళ్లుగా నర్సు, అదీ ఆ పెద్ద కాలేజీలోనే చదివి. తనకు పనికొచ్చింది మేనకోడలికి ఎందుకు పనికిరాలేదు? మూడేళ్ల కిందటి గాయం కూడా రేగింది. అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు చెల్లెలు ఇచ్చింది పిసరంత. సంపాదిస్తున్న మనిషి పిడికిలి బిగించిందని అప్పటినుంచి ఆయన ముభావంగానే ఉన్నాడు. ఇప్పుడు కడుపుమంటా, లేక ప్రభుత్వ కాలేజీకి పిల్లల్ని పట్టిస్తే ఏమైనా ఇస్తున్నారా? భార్యతో అంటే, తోడబుట్టిన చెల్లెల్ని అలా అనడానికి నోరెలా వచ్చిందని ఆమె ముఖం తిప్పుకుంది. అయినా ఆయన ఫోను తీసి చెల్లెల్ని శనివారం రమ్మన్నాడు.

ఆమె సాయంత్రం డ్యూటీకి వెళ్తూ యూనిఫాంలోనే వచ్చింది. వదిన ఇచ్చిన మంచినీళ్లు ఇంకా తాగనేలేదు, ఆయన కాగితం బల్లమీద పడేశాడు.

"అక్కడ నీకేం ముడుతోంది?"

చెల్లెలు గ్లాసు కింద పెట్టింది. కోప్పడలేదు. ఆమె కంటే ముందు చిట్టి మాట్లాడింది.

"నాన్నా, ఆ లెక్క నాది. అత్తది కాదు. నేను అత్త పనిచేసే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, కొత్తగా చేరిన తొమ్మిదిమంది నర్సుల్ని అడిగాను. ఏ కాలేజీ, మొదటి జీతం ఎంత, అప్పు వాయిదా ఎంత. ఐదుగురు పెద్ద కాలేజీ వాళ్లు, నలుగురు ప్రభుత్వ కాలేజీ వాళ్లు. మీరే చదవండి."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. జీతాల వరస పైనుంచి కింది దాకా దాదాపు ఒకటే. ఒకే వార్డు, ఒకే పని, ఒకే జీతం. పక్క వరసలో మాత్రం నలుగురికి సున్నాలు, ఐదుగురికి జీతంలో మూడోవంతు కోత. ప్రభుత్వ కాలేజీలో చదివితే రెండేళ్లు ఆ ఆసుపత్రిలోనే పనిచేయాలన్న షరతు కూడా పిల్ల దాచకుండా రాసింది. కింద పదో వరస ఉంది. దానికి పేరు లేదు, కోత ఉంది. దాని పక్కనే చెల్లెలి రాత.

"ఈ పదో మనిషెవరు?" అన్నాడు, తెలిసీ తెలియనట్టు.

"నేనే అన్నయ్యా."

"నీకు స్కాలర్‌షిప్ వచ్చిందిగా."

"రాలేదు. నాన్న పోయిన ఏడాది అది. నువ్వు రెండు పూటలా కారు నేర్పుతూ ఇల్లు లాగుతున్నావు. అప్పని చెబితే ఒళ్లో ఉన్న చిట్టి ఖర్చులు కూడా తగ్గించుకుని నాకు కట్టేవాడివి. అందుకే మామయ్య చేత సంతకం పెట్టించి, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. మొదటి రెండేళ్లూ కట్టింది వడ్డీకే సరిపోయింది. ఇంకా పద్నాలుగు నెలలుంది. చిట్టి నన్ను సూటిగా అడిగింది. దానికి అబద్ధం చెప్పలేకపోయాను."

వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. మిగిలిన వాయిదాలు తాను కడతానన్నాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు మోసినదాన్ని చివరి మెట్టు మీద ఇంకొకరికి అందించనంది. డ్యూటీకి వేళైందని లేచింది.

ఆయన కారు తీశాడు. మూడేళ్లలో చెల్లెల్ని దింపడానికి వెళ్లడం అదే మొదటిసారి. ఆసుపత్రి గేటు దగ్గర ఆమె దిగబోతుంటే ఆయన ఆపాడు.

"అమ్మ ఆపరేషన్ అప్పుడు పదకొండు రోజులు నీ డ్యూటీ నువ్వు చేసుకుని, మిగిలిన పొద్దంతా అమ్మ మంచం పక్కనే ఉన్నావు. నేను అది లెక్కలో వేయనే లేదమ్మా. నువ్వు ఇచ్చిన నోట్లే లెక్కపెట్టాను."

చెల్లెలు తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వంగి, చిన్నప్పుడు ఆయన తనకు చేసినట్టే ఆయన తల నిమిరింది. సోమవారం చిట్టిని చేర్పించడానికి తనూ సెలవు పెట్టి వస్తానని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.