పూతమందు వాసన

పొద్దున్నే పట్టుపురుగుల గదిలో మల్బరీ ఆకు తరుగుతున్న చప్పుడు. వసారాలో ఒంటరిగా కూర్చున్న తిమ్మక్కకు ఆ చప్పుడే తోడు. హోసూరులో రొమ్ము కేన్సరుకు ఆపరేషన్ చేయించుకుని కెలమంగలం వచ్చినప్పటి నుంచి ఆమె ఆ గదిలో అడుగుపెట్టలేదు. పూతమందు వాసన తగిలితే పట్టుపురుగులు మేత ముట్టవని కోడలు హేమావతి చెప్పింది. ఆ మాట కోడలికి నేర్పింది తిమ్మక్కే.

"రోజూ ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కుంటామమ్మా" అని ఆసుపత్రిలో నర్సు ప్రవీణ చెప్పి పంపింది. ఆ ఫోను రాలేదు. మరచిపోయి ఉంటుందిలే అనుకుంది తిమ్మక్క.

ఆదివారం కొడుకు వెంకటేశులు కంపెనీకి పోలేదు. అతని సెల్లు మోగింది.

"ఆ, బాగుందండి. జ్వరం లేదు. మందు పూసుకుంటా ఉంది."

"ఎవరప్పా?"

"ఆసుపత్రి వాళ్ళమ్మా. రోజూ చేస్తారు. నీకెందుకు కష్టమని నేనే చెప్తా ఉండాను."

"నా నొప్పి నీకు యాడ తెలుసప్పా? ఒకనాడైనా అడిగితివా?"

"ఆడోళ్ళ గాయం. నేనెట్ల అడిగేది?"

"అడగలేనోడివి, ఫోను నాకియ్యాల్సింది."

చెయ్యి చాచింది. ప్రవీణ ఇంకా లైన్లోనే ఉంది.

"అమ్మా, కుట్లు ఎలా ఉన్నాయి?"

తిమ్మక్క సెల్లు చెవికి ఆనించుకుంది. "ఉబ్బినాయి తల్లీ. చీము కారతా ఉంది. మందు పూసుకోలేదు నేను. వాసన పోతే పురుగుల గదిలోకి రానిస్తారనుకొంటిని."

తరిగే చప్పుడు ఆగింది. హేమావతి గడపలోకి వచ్చింది.

"పురుగుల కోసం ప్రాణం మీదికి తెచ్చుకొంటివా అత్తా?"

"పురుగుల కోసం కాదే. ఆడ నువ్వుంటావు. ఈడ గోడలే కదా."

గాయం శుభ్రం చేసి, మందు పూసి, ఇవాళే ఆసుపత్రికి తీసుకురమ్మంది ప్రవీణ. హేమావతి చేతులు కడుక్కుని మందు అందుకుంది.

"నీ చేతికి వాసన పడితే పురుగులకు ఆకు ఎవరు వేసేది?" అన్నాడు వెంకటేశులు.

"నువ్వే. వేసి ఆటో పిలుచుకొని రా."

అతడు తలవంచుకుని ఆకు తట్ట ఎత్తుకున్నాడు. హేమావతి అత్తను పక్క గదిలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, రవిక ముడి విప్పింది. గాయం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఒకప్పుడు పెనిమిటిని ఆ ఆసుపత్రికే తీసుకుపోయి, అక్కడే పోగొట్టుకుని ఒంటరిగా తిరిగొచ్చిన మనిషి తిమ్మక్క. మెల్లగా అడిగింది.

"నన్ను ఆడ విడిచి వచ్చేస్తారా?"

హేమావతి మందు అంటిన వేళ్ళు చూపించింది.

"ఈ చేతులతో నాకు ఇంట్లో పని యాడుంది అత్తా? నీతోనే ఉంటాను."