మేనబావకి రాఖీ

భిలాయి సెక్టర్ 6 మార్కెట్‌లో రాఖీల బండి ముందు ఇంద్రాణి చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. కొనదు, కదలదు. బండివాడికి విసుగొచ్చింది.

"లేనా హై తో లో దీదీ, బారిష్ ఆ రహీ హై," కొంటే కొను, వానొస్తోందని తొందరపెట్టాడు, బండి మీదికి ప్లాస్టిక్ పట్టా లాగుతూ.

"అది సరే భయ్యా, అసలీ రాఖీ ఎక్కడ మొదలైంది?" అని అడిగింది హిందీలో.

ఏళ్ళ తరబడి రాఖీలు అమ్ముతున్న మనిషి. ఇలాంటి బేరం అతనికి ఎప్పుడూ తగల్లేదు. కాసేపు ఆలోచించి, "రాయ్‌పూర్‌లో దీదీ. హోల్‌సేల్ అంతా అక్కడే," అన్నాడు.

వెనకాల ఎవరో నవ్వారు. ఎవరో ఏమిటి, ఆ నవ్వు ఎవరిదో ఆమెకి తిరిగి చూడకుండానే తెలుసు. స్టీల్ ప్లాంటులో ఫస్ట్ షిఫ్టు దిగి, సైకిలు హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని గిరీష్ నిలబడి ఉన్నాడు.

"ఆ స్పాంజి పువ్వున్నది మాత్రం తీసుకోకు. కిందటేడు చెయ్యంతా ఒకటే దురద."

"నీకోసం కొంటున్నానని ఎవరన్నారు?"

"మరెవరికేటి?"

ఆమె చేతికందిన సాదా ఎర్రదారం రాఖీ ఒకటి తీసుకుని డబ్బులిచ్చింది. "సునో, గొడుగుందా?" అంది.

బండివాడు నవ్వు ఆపుకున్నాడు. ఆ వైపు ఆడవాళ్ళు 'సునో' అనేది మొగుళ్ళని. రెండేళ్ళుగా ఇంద్రాణి గిరీష్‌ని పేరు పెట్టిగానీ వరస పెట్టిగానీ పిలవడం మానేసింది. భయ్యా అని నోరు రాదు, బావా అనే హక్కు లేదు. 'విను', 'ఇదిగో', 'సునో' అంటూ నెట్టుకొస్తోంది.

ఇక్కడ కాస్త ఆగి అసలు సంగతి చెప్పాలి. లేకపోతే ఈ ఇద్దరి మీదా మీకు లేనిపోని అనుమానాలొస్తాయి.

గిరీష్ ఇంద్రాణికి అన్న కాదు. సొంత మేనత్త చిన్నమ్మలు కొడుకు. సొంతూరు శ్రీకాకుళం వైపైతే ఇద్దరూ ఉయ్యాల్లో ఉండగానే మొగుడూ పెళ్ళాలని ఆటపట్టించేవాళ్ళు. కానీ వీళ్ళు పుట్టింది భిలాయిలో. ఇక్కడ పిన్ని కొడుకైనా, అత్త కొడుకైనా, పక్క క్వార్టరు పిల్లాడైనా అందరూ భయ్యాలే.

అయినా మొదట్లో ఈ తికమక లేదు. ఇంద్రాణికి సొంత అన్న ఉండేవాడు, మనోజ్‌కుమార్ అని. పక్క క్వార్టరావిడని చూసి తల్లి అరుణకుమారి ప్రతి శ్రావణ పౌర్ణమికీ అతనికి రాఖీ కట్టించేది. అతని ఈడువాడే అయిన గిరీష్ పక్కన కూర్చుని గారెలు తినేవాడు. "నాకూ కట్టించండి," అని గిరీష్ చెయ్యి చాపితే మనోజ్ ఫట్మని కొట్టేవాడు. "నువ్వు దీన్ని చేసుకోవాల్సినోడివిరా, వెధవా," అనేవాడు. అరుణకుమారి కూడా నవ్వేది.

మనోజ్ పదిహేడో ఏట పోయాడు. మామూలు జ్వరమే అనుకున్నారు, మలేరియా మెదడుకెక్కింది. ఆ తర్వాత వచ్చిన పౌర్ణమి నాడు అరుణకుమారి పొద్దున్నే తలంటుకుని, పళ్ళెంలో కుంకుమా రాఖీ పెట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఎవరి కోసం వచ్చిందో ఆవిడకే తెలీదు. పళ్ళెం పట్టుకుని అలా నిలబడిపోయింది. అప్పుడు గిరీష్ లేచి, మనోజ్ కూర్చునే పీట మీద కూర్చుని, చెయ్యి చాపాడు.

పాపం, మంచి మనసుతోనే చాపాడు. ఆ రోజు ఆవిడ అతని తల నిమిరి, "ఒక్కసారి అమ్మా అనరా నాయినా," అంది. అన్నాడు. అప్పట్నుంచి అత్తని అమ్మా అనే పిలుస్తున్నాడు. ఆరేళ్ళుగా ఏటేటా వచ్చి చెయ్యి చాపుతున్నాడు.

వాన రానే వచ్చింది. ఇద్దరూ పరిగెత్తి బస్‌స్టాపు షెడ్డు కిందికి చేరారు. సైకిలు తడుస్తోంది, టిఫిన్ క్యారియర్ తడుస్తోంది. ఇంద్రాణి రాఖీని మాత్రం గుప్పిట్లో దాచుకుంది.

"కాలేజీలో అందర్నీ అడిగాను," అంది. "ఒకమ్మాయి ఎవరో రాణి బాదుషాకి పంపిందంది. ఇంకోమ్మాయి ద్రౌపది చీర చింపి కృష్ణుడి వేలికి కట్టిందంది. మా మేడమ్ లక్ష్మీదేవి బలిచక్రవర్తికి కట్టిందంది. ఒకరి కథ ఒకరికి కలవదు. మనకైతే అసలు కథే లేదు. నాన్నమ్మని అడిగితే, ఆ రోజు బ్రాహ్మలు జంధ్యాలు మార్చుకుంటారు, మనకేటీ నేదే అంది."

"ఎవరిదైతే ఏటి? పండగంటే పండగే. గారెలు దొరుకుతాయి."

"జోకులొద్దు. నిన్న గుడి పంతులుగారినీ అడిగాను. పురాణంలో ఉందట. దేవతలు యుద్ధంలో ఓడిపోతుంటే ఇంద్రుడి చేతికి రక్ష కట్టి పంపారట. మొదటి రాఖీ అదేనట. ఎవరు కట్టారో తెలుసా?"

"చెల్లెలా?"

"పెళ్ళాం."

గిరీష్ వాన కేసి చూశాడు.

"ఆవిడ పేరు చెప్పనా?"

"వద్దు," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తెలుసులే."

ఇంద్రాణి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. అతనూ నవ్వాడు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఆదివారం కుమ్హారిలో పెళ్ళిచూపులంటగా," అంది.

"మా అమ్మ ఒప్పేసుకుంది. రైల్వేలో చేస్తున్న బంగార్రాజు గారమ్మాయి. నేనేటి చెప్పను? మావయ్య కూతుర్ని చేసుకుంటానంటే, అది నీకు రాఖీ కడతాది కదరా అంటాది. కాలనీ అంతా ఏటేటా చూస్తూనే ఉంది."

"అందుకే ఈసారి కట్టను."

"కట్టేయ్ ఇందూ."

"పంతులుగారు చెప్పింది విన్నావు కదా."

"ఆ ఇంద్రుడికేం? అతనింట్లో మీ అమ్మలాంటి మనిషి లేదు," అన్నాడు గిరీష్. "ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో నాకు తెలీదు. మీ ఇంట్లో మాత్రం అది మనోజ్ కోసం. రేపు నేను చెయ్యి చాపకపోతే ఆవిడకి వాడు మళ్ళీ పోయినట్టే. నావల్ల కాదు."

"సరే. నేనంటే ఇష్టం లేదని చెప్పు. కట్టేస్తాను."

వాన రేకుల మీద దబదబా పడుతోంది. గిరీష్ సైకిలు బెల్లుని వేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"ఆ మాట అనలేను," అన్నాడు చివరికి.

"ఏ మాట?"

"ఇష్టం లేదన్న మాట."

ఆరేళ్ళ తర్వాత అతని నోట్లోంచి ఊడిపడిన ప్రేమ ఇంతే. ఇంద్రాణికి అదే చాలు, అదే చాలదు కూడా. ఇద్దరూ తడుస్తూనే ఇళ్ళకి వెళ్ళారు. ఆమె సెక్టర్ 6 లోపలికి, అతను తమ ఇల్లున్న మరోదా సెక్టరుకి.

మర్నాడు ఇంద్రాణి నాన్న త్రినాథరావు క్వార్టర్లో పొద్దున్నుంచే నూనె వాసన. మనోజ్‌కి పాకం గారెలంటే ప్రాణం కాబట్టి ఆ పూట పాకం గారెలే. ముందుగదిలో గోడ మీద అతని ఫోటో ఉంది, దాని మీద దండ లేదు. ఆరేళ్ళలో ఎవరూ దండ వెయ్యలేదు. అరుణకుమారి వెయ్యనివ్వలేదు. ఆవిడ ఆ ఇంట్లో 'పోయాడు' అన్న మాట కూడా అననివ్వదు. 'మనోజ్ లేనప్పుడు' అనాలి. త్రినాథరావు ఒకసారి నోరు జారి వారం రోజులు భార్యతో మాటల్లేకుండా ఉన్నాడు.

గిరీష్ వచ్చి పీట మీద కూర్చున్నాడు. పళ్ళెం వచ్చింది. గుమ్మం పక్కన నులకమంచం మీద ఇంద్రాణి నాన్నమ్మ జోగమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కొడుకు ఇంటికి ఎప్పుడు వచ్చినా చలికాలంలోనే వచ్చేది, శ్రావణంలో రావడం ఇదే మొదలు. రాఖీ గురించి మనవరాలు అడిగితే ఊరికే అడిగిందనుకుంది గానీ, ఇంట్లో ఇది జరుగుతోందని ఆవిడకి తెలీదు.

"ఒలే కోడలా, ఇదేటే?" అంది. "మేనబావకి మరదలి చేత దారం కట్టిస్తన్నావేటి?"

"ఇక్కడ అందరూ కడతారత్తా."

"అందరంటే ఎవులే? ఆళ్ళకి మేనరికాల్లేవు, కడతారు. మనకి ఉన్నాయి గదే. నా కూతురి కొడుక్కీ నా కొడుకు కూతురికీ అన్నాసెల్లెళ్ళ వరసెప్పుడు కలిసింది?"

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు త్రినాథరావు.

జోగమ్మ ఊరుకోలేదు గానీ, అరుణకుమారి వినడం మానేసింది. "కట్టు ఇందూ," అంది. గిరీష్ చెయ్యి చాపి ఉంచాడు. అతను ఇంద్రాణి కళ్ళలోకి చూడకుండా నేలకేసి చూస్తున్నాడు.

ఇంద్రాణి రాఖీ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. దారం రెండు కొసలూ అతని మణికట్టు చుట్టూ తెచ్చింది. ముడి వెయ్యడం ఒక్కటే మిగిలింది. చేతులు అక్కడే ఆగిపోయాయి.

"కట్టవే," అంది తల్లి. "మనోజ్ లేనప్పుడు వాడేగా నీకు..."

"లేనప్పుడు కాదమ్మా," అంది ఇంద్రాణి. "అన్నయ్య చచ్చిపోయాడు."

జోగమ్మ చాపుకున్న కాళ్ళు ముడుచుకుంది. త్రినాథరావు భయంతో భార్యకేసి చూశాడు. ఆవిడ పళ్ళెం నేల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంద్రాణి ముఖం కప్పుకుని ఏడుస్తోంది. ఆ మాట అన్నందుకు తన నాలుక కోసుకోవాలనిపించింది ఆ పిల్లకి. గిరీష్ లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అరుణకుమారి పొయ్యి ముందు చతికిలబడి ఉంది. కళ్ళలో చుక్క నీరు లేదు. అది చూసే అతనికి భయమేసింది.

"అమ్మా, నాకు కట్టించేయ్. ఇందూకి నేను చెప్తాను. ఆదివారం కుమ్హారి కూడా వెళ్తాను," అన్నాడు.

"ఇలా కూకో," అందావిడ.

అతను గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఇది మన పండగ కాదని నాకు తెలీదనుకున్నారేటి? మా అమ్మ ఎరగదు, మా అత్త ఎరగదు. మనోజ్‌కి నాలుగేళ్ళప్పుడు ఇందూని ఒళ్ళో కూకోబెట్టుకుని, దీని చేత్తో నేనే కట్టించాను. వాడు ఆ చెయ్యి పైకెత్తుకుని సాయంత్రం దాకా వీధంతా తిరిగాడు. ఇప్పుడు ఫోటో చూస్తేగాని వాడి ముఖం గుర్తు రావట్లేదురా. ఆ చెయ్యి మాత్రం కళ్ళు మూసుకున్నా కనపడతాది. ఏడాదికోసారి నీ చెయ్యి చూసుకుని బతుకుతున్నాను."

"తెలుసమ్మా."

"తెలుసు గాబట్టే చాపావు. చిన్న పిల్లాడివి, జాలిపడి చాపావు. పెద్దదాన్ని, నేను వద్దనాలి. అనలేదు." ఆవిడ పొయ్యి మంట తగ్గించింది. "నువ్వంటే దానికి ప్రాణమని రెండేళ్ళ నుంచి చూస్తన్నాను. చూడనట్టు ఉన్నాను. నిన్ను అల్లుడంటే నాకింక కొడుకు లేడని ఒప్పుకోవాలి కదరా."

గిరీష్ దగ్గర ఉన్నది చెయ్యి ఒక్కటే. అలవాటు కొద్దీ అదే చాపాడు.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. బోర్లించి, వెల్లకిలా తిప్పి చూసింది. ప్లాంటు వేడికి నల్లబడిన, గట్టిపడిన మగాడి చెయ్యి అది. నాలుగేళ్ళ పిల్లాడిదీ కాదు, పదిహేడేళ్ళవాడిదీ కాదు. చాలాసేపు పట్టుకుని, తర్వాత మెల్లగా వదిలేసింది.

ముందుగదిలోకి వచ్చి, "ఇందూ, లే," అంది. "ఆ రాఖీ ఎవరిదో వాళ్ళకే కట్టు."

త్రినాథరావుకి ముందు అర్థమైంది. లేచి గోడ మీంచి ఫోటో దింపి, పైపంచెతో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంద్రాణి ఎర్రదారాన్ని ఫ్రేము చుట్టూ తిప్పి ముడి వేసింది. "అన్నయ్యా," అంది. ఆ పిలుపు ఆ ఇంట్లో ఆరేళ్ళుగా వినపడలేదు. జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫోటో మళ్ళీ గోడెక్కింది. ఇప్పుడు దాన్ని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, అది పోయినవాళ్ళ ఫోటో అని.

"సాయంత్రం మరోదా వెళ్తాను," అన్నాడు త్రినాథరావు, ఎవరితో అంటున్నాడో తెలీనట్టు. "చెల్లితో మాట్లాడతాను. కుమ్హారి వాళ్ళకి రావట్లేదని కబురు పెట్టమంటాను."

ఇంద్రాణీ గిరీషూ ఒకరినొకరు చూసుకోలేదు. కోరుకున్నది దొరికింది, కానీ సంతోషపడడానికి ఇద్దరికీ సిగ్గేసింది. ఆమె వెళ్ళి తల్లిని వాటేసుకుంది.

మధ్యాహ్నం అరుణకుమారి విస్తరి వేసి, పాకం గారెలు వడ్డించింది. గిరీష్ ఒక ముక్క తుంచాడు, నోట్లోకి పోలేదు.

"అమ్మా, ఇంక చాలు."

"అమ్మా కాదు," అందావిడ.

అతను తలెత్తాడు. ఆవిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది, ఆ మాట వినేదాకా కదిలేది లేదన్నట్టు. అతను గుక్కెడు నీళ్ళు తాగాడు.

"చాలు... అత్తా," అన్నాడు.

"ఇంకొక్కటి తిను అల్లుడూ," అంది అరుణకుమారి. గారె విస్తట్లో వేసి, అక్కడే కూలబడి ఏడ్చింది. కొడుకు పోయిన రోజు ఏడవని ఏడుపంతా ఏడ్చింది.