నీలం వెలుతురులో పద్యం

పెనుకొండ కొండకింద మూతబడిన నాటకాల హాలుకు ఎప్పటి నుంచో చెడ్డపేరుంది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ దారిన పోయేవాళ్లు ఫోన్‌లో పాట పెట్టుకుని మరీ గబగబా నడుస్తారు. లోపల కరెంటు లేదు. అయినా ఈ మధ్య కిటికీల్లో నీలం వెలుతురు కనిపిస్తోందంట...

చూసినవాళ్లు చెప్పుకున్నారు గానీ, లోపలికి వెళ్లినవాడు ఆదినారాయణ ఒక్కడే. పద్యనాటకాలకు హార్మోనియం వాయించే మనిషి. ఆయన కూతురు శోభారాణి ఐదో ఏట రాకుమారుడి వేషం కట్టింది. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఆ పిల్ల గొంతు కోసమే నాటకాలు పెట్టించుకునేవాళ్లు. ఇప్పుడు పన్నెండేళ్లు. గొంతు నొప్పి అంటూ పద్యం ముట్టడం మానేసింది. శుక్రవారం గోరంట్లలో ఆట. పిల్ల పాడకపోతే ఆ ఆటా పోతుంది, బృందమూ చెదిరిపోతుంది.

ఆ సాయంత్రం ఆయన బస్సు దిగి వచ్చేసరికి పిల్ల ఇంట్లో లేదు. ఆమె కోసం ఊరంతా తిరిగి తిరిగి కాళ్లు పీకేశాయి. టీ అంగడి నడిపే సలాం గొంతు తగ్గించాడు.

"ఏమప్పా... మీ పాప ఆ హాలు దిక్కు పోతాంటే చూసినా. పిలిస్తే పలకలే. నువ్వు ఒంటిగా పోవద్దప్పా."

ఆదినారాయణకు భయపడే ఓపిక కూడా లేదు. నడిచాడు.

నిజమే... కిటికీలో నీలం వెలుతురు. ఆగి ఆగి కదులుతోంది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పాత తెర మీద ఒక నీడ — పైకప్పు దాకా పెరిగింది, మళ్లీ ముడుచుకుపోయింది. ఆయన తలుపు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరాడ...?"

నీడ ఆగింది.

"నేనే నాయనా."

తెర పక్కన శోభారాణి. చేతిలో పెద్ద టార్చి, దాని మూతికి నాటకాల పెట్టెలోని నీలం జెలటిన్ కాగితం. ఊరిని వణికించిన దెయ్యం ఇదన్నమాట! ఆయనకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఈడ ఏం చేస్తాండావే?"

"చిన్నప్పట్నుంచి నా మొగం మీద వెలుగేస్తాంటిరి కదా. అది యాడ నుంచి వస్తాండాదో అని చూస్తా చూస్తా పద్యమే మర్చిపోతాంటి. నాకు ఆ వెలుగేసే పని కావాల నాయనా. గొంతు నొప్పని అబద్ధం చెప్పినా. అలిసిపోయినా, అంతే."

ఆ మాట తన చిన్నప్పుడు ఆదినారాయణ తన నాయనతో అనలేకపోయాడు. గోరంట్ల పోతే పోనీ అనుకున్నాడు.

"మరి పద్యం ఎవురు పాడాల?"

"నువ్వే. ఆడ నిలబడు."

స్టేజీ ఎక్కి నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, బొంగురు గొంతుతోనే పద్యం ఎత్తుకున్నాడు. రాగం చివరిదాకా లాగి ఆపాడు.

అప్పుడు... ఆఖరి వరస కుర్చీల్లోంచి, నిదానంగా —

"వన్స్ మోర్..."

శోభారాణి టార్చి అటు తిప్పింది. ఖాళీ కుర్చీలు. బూజు. ఎవరూ లేరు.

పారిపోదామనిపించింది ఆయనకు. కానీ అడిగిన తర్వాత పాడకుండా దిగిపోవడం నాటకాల మనిషికి చేతకాదు.

"వెలుగు నా మొగం మీదే వెయ్యమ్మా," అని గొణిగి, ఆదినారాయణ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.