రాక్షసుడి కోరకు చింతచీల

అమరకోట రాజ్యంలో ఒకనాడు పొద్దున్నే దూర్చినవన్నీ ఊడిపోవడం మొదలైంది. సూదిలోంచి దారం, గొడ్డలిలోంచి కామ, చెవుల్లోంచి కమ్మలు, ఏవీ నిలవలేదు. మంచం పట్టెలు కోళ్లలోంచి జారిపోయి మహారాజు నేలమీద పడ్డాడు. పిల్లలూ, రాజు పడితే తప్పు రాజుది కాదు, మంత్రిదీ కాదు. వడ్రంగిదే. ముసలి వడ్రంగి వీరభద్రాచారిని చెరసాలలో పడేశారు. వారంలోగా ఇది ఆగకపోతే తల తీసేస్తామన్నారు. చెరసాల గడియ కూడా ఊడిపోవడంతో నలుగురు భటులు తలుపును వీపులతో నొక్కి పట్టుకున్నారు.

ఇది కొండగుహ రాక్షసుడి శాపమని అందరికీ తెలుసు. అడగడానికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఆచారి కూతురు కాళమ్మ ఉలి తీసుకుని బయల్దేరింది.

పొలిమేర దాటితే శాపం లేదు. అడవిలో ఒక ముని జపమాల తెగి, పూసలు ఏరుకుంటూ దేవుణ్ణే తిడుతున్నాడు. కాళమ్మ దారం కొసకు మైనం రాసి, పురిపెట్టి, నూటెనిమిది పూసలూ గుచ్చి ఇచ్చింది. ముని గుహకు దారి చెప్పాడు. అక్కడ కాపలా ఉన్న కొండచిలువ కుండలో తల ఇరికించుకుని తంటాలు పడుతోంది. దీపానికి తెచ్చుకున్న ఆముదం పోసి కాళమ్మ కుండ లాగేసింది. కొండచిలువ సిగ్గుపడి పక్కకు తప్పుకుంది.

లోపల రాక్షసుడు ఊడిన కోర చేతపట్టుకుని మూలుగుతున్నాడు.

"నా కోర నిలవనప్పుడు మీ ఊళ్లో ఏదీ నిలవకూడదు. శాపం పెట్టకముందు మీ రాజవైద్యుడు సుత్తితో దిగ్గొట్టాడు, మరీ వదులైంది," అన్నాడు.

"కొడితే సందు పెద్దదవుతుంది మామా. నోరు తెరువు."

"బాగుచేశాక నిన్ను మింగొచ్చా?"

"ముందు పని కానీ, తర్వాత చూద్దాం."

ఎండిన చింతచేవను పలుచటి చీలగా చెక్కి, కోరను చిగుట్లో పెట్టి, పక్కన ఆ చీల దూర్చింది. నోటినిండా నీళ్లు పట్టి మూసుకోమంది. వదులైన గొడ్డలికి నాన్న చేసే పనే ఇది. ఎండుకర్ర నీళ్లు తాగి ఉబ్బితే ఇక కదలదు. సాయంత్రం దాకా రాక్షసుడు తిట్టలేకా మింగలేకా కూర్చున్నాడు. ఆ తర్వాత చెరుకుగడ కొరికి చూసి, కళ్లు తుడుచుకుని శాపం తీసేశాడు.

"ఇప్పుడు మింగనా?"

"మింగు. చీల మళ్లీ వదులైతే ఎవరిని పిలుస్తావు?"

రాక్షసుడు కోర తడుముకుని, చెరుకుగడతోనే సరిపెట్టుకున్నాడు.

ఏడోనాడు వీరభద్రాచారి ఇల్లు చేరాడు. రాజు తప్పయిందనలేదు, రాకుమారుణ్ణి ఇచ్చి పెళ్లి చేస్తానన్నాడు.

"ముందు ఆయన్ని ఒక మంచం బిగించమనండి ప్రభూ," అంది కాళమ్మ. "తమరే దానిమీద పడుకోండి."

రాకుమారుడు ఏడాదిపాటు ఆచారి దగ్గర వేళ్లు చితక్కొట్టుకున్నాడు. రాజు మూడుసార్లు నేలమీద పడ్డాడు. పడ్డప్పుడల్లా చెరసాల వైపు చూశాడు గానీ, చేసింది కన్నకొడుకు కావడంతో నడుం రుద్దుకుని ఊరుకున్నాడు. నాలుగోసారి మంచం నిలిచింది. ఆ వారమే పెళ్లి జరిగింది. పెళ్లిపీటలు పెళ్లికొడుకే చేశాడు.