అబిదా ముద్ద

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలంతా వసారాలో పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. దయామణి మాత్రం ఎదురుగా ఉన్న కుట్టుగది వంకే చూస్తోంది.

"కానీవే అబిదా! తొందరగా తిను," అంది.

అబిదా తొందరగా తినలేదు. ఎనిమిదేళ్ళ ఆ పిల్లకి రెండేళ్ళ కిందట పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ కుడిచేతిలోని బలాన్ని కూడా తీసుకుపోయింది. వేళ్ళు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి. పప్పన్నం ముద్ద చేస్తే సందుల్లోంచి జారిపోతుంది. మళ్ళీ చేస్తుంది. మళ్ళీ జారుతుంది.

అది మాచర్ల దగ్గర క్రైస్తవ మిషన్ వాళ్ళ బడి. కాళ్ళు చేతులు సరిగా రాని పిల్లలు, చెవులు వినపడని పిల్లలు పాతికమంది దాకా అక్కడే ఉండి చదువుకునేవాళ్ళు. దయామణికి పసితనంలోనే ఎడమకాలు సన్నబడిపోయింది. చంకకర్రతో నడుస్తుంది. వయసు పదేళ్ళే అయినా నాలుగేళ్ళుగా అక్కడే ఉంది కాబట్టి, పిల్లల్లో పెద్దరికం తనదే.

పంతులమ్మ గ్రేసమ్మ రోజూ పొద్దున్నే అబిదా చేతిని వేడినీళ్ళలో ఉంచేది. నువ్వులనూనె రాసి ఒక్కో వేలూ మెల్లగా తెరిచేది. తడిగుడ్డ చేతికిచ్చి పిండమనేది. అసలు వైద్యం మాత్రం అన్నం పళ్ళెం దగ్గరే అనేది.

"దయా, నువ్వు పక్కన కూచోవాల, అంతే. ముద్ద కలిపి పెట్టొద్దు. చెయ్యి పట్టుకోవద్దు. ఎంతసేపైనా సరే, తనే తినాల," అని ముందే చెప్పింది.

"నేను చూసుకుంటాలెండి పంతులమ్మా," అని దయామణి మాటిచ్చింది.

మొదటి వారం అలాగే చూసుకుంది. రెండో వారం గుంటూరు నుంచి రైల్లో కుట్టుమిషను వచ్చింది.

యుద్ధం అయిపోయి ఏడాది దాటినా బట్ట ఇంకా కంట్రోల్లోనే ఉంది, కావలసినంత దొరకదు. కుట్టుగది చూసుకునే ఆదెమ్మ పాత దుప్పట్లు కత్తిరించి పిల్లలకి గౌన్లు, చొక్కాలు కుట్టేది. అన్నం తిని ముందుగా వచ్చిన ముగ్గురికి మిషను చక్రం తిప్పనిచ్చేది. అది చేతిమిషను. కాలితో పనిలేదు. దయామణి ఒకసారి తిప్పింది. సూది టకటకా పరిగెత్తింది. ఆ కాసేపూ తనకు కాలు సరిగా లేదన్న సంగతే గుర్తు రాలేదు.

తర్వాత రెండు రోజులు అబిదా వల్ల ఆలస్యమై చక్రం దొరకలేదు.

అందుకే ఆ రోజు దయామణి అటూ ఇటూ చూసింది. గ్రేసమ్మ వసారా ఆ చివర చిన్నపిల్లలకి వడ్డిస్తోంది. దయామణి గబగబా ముద్ద కలిపింది.

"నోరు తెరువు!"

అబిదా నవ్వి నోరు తెరిచింది. అయిదు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ అయింది.

"తినిందా?" అని గ్రేసమ్మ అడిగింది.

"తినిందండి. తనే తినింది."

గ్రేసమ్మ మొహం వెలిగిపోయింది. అది చూసి దయామణికి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. రెండో రోజు అంత గుచ్చుకోలేదు. నాలుగో రోజుకి అసలు గుర్తే లేదు. అలా మూడు వారాలు గడిచాయి.

అబిదాని బడిలో వదిలిపెట్టిన రోజు వాళ్ళ నాన్న మీరా సాహెబ్ ఒక మాట అన్నాడు. దయామణి కూడా విన్నది. "మా అమ్మకు ఇష్టం లేదమ్మగారూ. పిల్లను ఊరుగాని ఊళ్ళో వదిలావంటది. రంజాన్ నెల రాకముందే వస్తా. చేత్తో తింటా ఉంటే ఇక్కడే ఉంచుతా. లేకుంటే తీసకపోతా."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా, 'రేపటి నుంచి తననే తినమంటాలే' అనుకునేది దయామణి.

ఒకరోజు అన్నాల వేళకి మీరా సాహెబ్ దుర్గి నుంచి వచ్చాడు. దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. గడ్డంలో ఇంకా దూది పోగులున్నాయి. పిల్లలందరికీ వేరుశనగ ఉండలు తెచ్చాడు.

"సాయిబు గారూ, మీ అమ్మాయి చేత్తో తింటా ఉంది. కూచోండి, మీరే చూద్దురుగాని," అంది గ్రేసమ్మ సంబరంగా.

పిల్లలంతా చుట్టూ మూగారు. అబిదా ముందు పళ్ళెం పెట్టారు. అబిదా అన్నం వంక చూసింది. నాన్న వంక చూసింది. తర్వాత దయామణి వైపు తిరిగి నోరు తెరిచింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దయామణికి ఒక్కదానికే అర్థమైంది.

"నువ్వే తినమ్మా," అంది గ్రేసమ్మ.

అబిదా చెయ్యి పళ్ళెంలో పెట్టింది. ముద్ద లేవలేదు. రెండోసారి లేచి గౌను మీద పడింది. మూడోసారి ఆ పిల్ల ఏడ్చేసింది. మీరా సాహెబ్ లేచి చెయ్యి కడుక్కొచ్చాడు. కూతురి పక్కన కూర్చుని తనే తినిపించాడు.

"ఏమీ అనుకోబాకండమ్మగారూ. మీరు చానా చేశారు. మా బిడ్డ రాత ఇంతే," అన్నాడు.

అబిదా బట్టల మూట బండెక్కింది. దయామణి స్తంభం పట్టుకుని నిలబడింది. 'నేనే పెట్టాను' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. బండి గేటు దాటింది. గట్టిగా కేకేస్తే ఇంకా వినపడే దూరంలోనే ఉంది. దయామణి కేకెయ్యలేదు.

ఆ సాయంత్రం గ్రేసమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేసింది.

"మూడు వారాలా?" అంది గ్రేసమ్మ.

"ఆఁ."

గ్రేసమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది దయామణికి.

"నువ్వు చెప్పావని నమ్మాను. ఒక్కపూటన్నా పక్కన కూచుని చూడాల్సింది. నాదీ తప్పే," అంది గ్రేసమ్మ చివరికి.

"అబిదా ఏమనుకుంటదండీ?"

"ఏమనుకుంటది? తన చెయ్యి ఇంక రాదనుకుంటది."

దయామణి వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు ఉత్తరం రాసింది. 'తప్పు అబిదాది కాదు. నాది. నేను చక్రం తిప్పాలని తొందరపడ్డాను. అబిదాని పంపండి.' జవాబు రాలేదు. ఇంకో ఉత్తరం రాసింది. రంజాన్ పండగ వెళ్ళిపోయాక మీరా సాహెబ్ ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. 'మా అమ్మ పిల్లను పంపనంటున్నది. మీరు వచ్చి చూస్తామంటే రండి.'

బడి బండి తోలే ఇశ్రాయేలు ఎద్దులు కట్టాడు. గ్రేసమ్మతో పాటు దయామణీ బయల్దేరింది.

దుర్గిలో వీధి వీధంతా రాళ్ళు చెక్కే ఉలుల చప్పుడు. మీరా సాహెబ్ ఇంటి ముందు అబిదా కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఓణీ కింద దాచుకుంది. దయామణిని చూసి నవ్వలేదు.

"ఈ చెయ్యి రాదంట అక్కా," అంది.

దయామణి చంకకర్ర పక్కన పెట్టి నేలమీద కూర్చుంది. "చేతిది తప్పు కాదే. నేనే ఆగలేకపోయా. నీకు రాకుండా నేనే చేశా," అంది.

గ్రేసమ్మ ఆ వేళ్ళు పట్టుకు చూసి నిట్టూర్చింది. ముందుకన్నా బిగుసుకుపోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వేడినీళ్ళు అడిగి తెప్పించింది. నూనె ఎలా రాయాలో, వేళ్ళు ఎలా తెరవాలో నాయనమ్మకి చూపించింది.

"రోజూ ఇంత చాకిరీ చేస్తే వస్తదా?" అంది ముసలామె.

"వస్తదని ఖాయంగా చెప్పలేనమ్మా. చెయ్యకపోతే మాత్రం రాదు," అంది గ్రేసమ్మ.

అన్నం పెట్టారు. అలవాటు కొద్దీ నాయనమ్మ ముద్ద కలపబోయింది.

"వద్దు నాయనమ్మా! కాసేపు ఆగండి," అంది దయామణి.

అబిదా చాలాసేపు పళ్ళెం వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఓణీ కింద నుంచి చెయ్యి తీసింది. మెతుకులు చాపమీద పడ్డాయి. మళ్ళీ తీసింది. మళ్ళీ పడ్డాయి. దయామణి తన చేతులు రెండూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఎన్నోసారికో నాలుగు మెతుకులు అబిదా పెదవులు చేరాయి. రెండు లోపలికి పోయాయి, రెండు గడ్డం మీద ఉండిపోయాయి. పళ్ళెం నిండా అన్నం అలాగే ఉంది.

గుమ్మం బయట ఇశ్రాయేలు ఎద్దుల్ని అదిలించాడు.

"దయమ్మా, పొద్దు వాలుతా ఉంది. మాచర్ల పోయేసరికి చీకటి పడుద్ది. ఏంది, బయల్దేరదామా?"

దయామణి వెనక్కి తిరగలేదు.

"ఉండు బాబాయ్. అబిదా ఇంకా అన్నం తింటా ఉంది."