బేస్ పలకని ఇంపాలా

"ఆగు, రేడియోలో స్కోరు విని చెప్తా."

డేల్ హోబర్ట్ ఈ లోకంలో అన్న చివరి మాట అది. ఎల్ పాసో బయట హైవే మీద అతని కారు పేలిపోయినప్పుడు ఫోనుకి ఇవతలి వైపు ఉన్నవాడు అతని తోటి ఏజెంట్ నికనోర్ ఆరిస్పె, అయినవాళ్ళకి నీకో. హోబర్ట్ ఆ రోజు పొద్దుటి నుంచి అదే కారులో, సీడీ పాటలు వింటూ, ఊళ్ళకి ఊళ్ళు దాటి వచ్చాడు. పేలుడు తర్వాత ఫోనులో మిగిలిన ఖాళీ నీకో చెవిని ఇంకా వదల్లేదు.

చంపింది అంబర్ రింగ్ అని బ్యూరోకి తెలుసు. రాడార్ రహస్యాలు కొని దేశం దాటించే విదేశీ ముఠా అది. వాళ్ళ బాంబు దేనితో పేలుతుందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఇంజన్ స్టార్ట్ చేయగానే పేలేదైతే హోబర్ట్ తన ఇంటి ముందే పోయి ఉండేవాడు.

నెల తిరక్కుండానే, ఒక శుక్రవారం పొద్దున, సాన్ ఆంటోనియోలో ఒక కార్ వాష్ లోపల నీకోకి కొత్త అసైన్‌మెంట్ అందింది. బ్రష్షులు అద్దాలను బాదుతుంటే ఏ మైకూ ఏ మాటనూ పట్టుకోలేదని బాస్ టొలివర్ నమ్మకం. నెలకోసారి బ్యూరో ఖర్చుతో కారు కడిగించుకోవచ్చన్నది ఆయన పైకి చెప్పని కారణం.

"ఎలిసెయో బారియెంటోస్. రాడార్ ప్లాంటులో రిటైరైన ఇంజనీరు," అన్నాడు టొలివర్. "డ్రాయింగులు ముఠాకి అమ్మినవాణ్ణి కళ్ళారా చూసింది ఆయనొక్కడే. ఇవాళ మధ్యాహ్నం ఫెడరల్ కోర్టులో పేరు చెప్తాడు. చెప్తే రింగ్ ఖతం."

"చెప్పకపోతే?"

"చెప్పలేకపోతే అను. అదే నా భయం."

"ఆయనకి కాపలా ఎవరు?"

"రెనాటా క్విస్ట్. మూడు వారాలుగా నీడలా ఉంది. ఇల్లు, కారు, అన్నీ తనే తనిఖీ చేయించింది. మన దగ్గర అంతకంటే గట్టివాళ్ళు లేరు."

"అలాంటప్పుడు నేనెందుకు సార్?"

టొలివర్ మొహం చేదు మింగినట్టు పెట్టాడు. "బుల్లెట్‌ప్రూఫ్ బండి పంపిస్తానంటే వద్దన్నాడు. తన అరవై నాలుగు నాటి ఇంపాలా కారులోనే వస్తాడట. అందులో స్టీరియో సతాయిస్తోందట. అది బాగుపడితే గానీ గడప దాటడట. కోర్టుకి వస్తున్నారా, పెళ్ళికి వస్తున్నారా అని అడిగాను. ఫోను పెట్టేశాడు."

నీకోకి నవ్వు రాలేదు. అతను పుట్టి పెరిగింది ఎలిసెయో ఉండే వెస్ట్ సైడ్ వీధుల్లోనే. "వీధి అదిరే బేస్ మోత లేకుండా ఇంపాలాని రోడ్డు మీదికి తేరు సార్. నలుగురిలో పరువు పోతుంది," అన్నాడు.

"నువ్వు బ్యూరోలోకి రాకముందు స్టీరియోలు బిగించేవాడివని ఫైల్లో ఉంది. ఈ పెన్ను ఉంచుకో. పేలుడు మందు వాసన తగిలితే మోగుతుంది. వెళ్ళు."

చవేలా కార్ ఆడియో షాపు నీకో సొంత పిన్నిదే. అల్లుడు వరస వాళ్ళూ కొడుకు వరస వాళ్ళూ అందరూ అక్కడ పనిచేసి బయటపడ్డవాళ్ళే. అందుకే ఏజెంటుకి మారువేషంగా దొరికింది తన పాత ఓవరాల్సే. పొట్ట దగ్గర మాత్రం కాస్త బిగుతైంది.

"పన్నుల ఆఫీసు ఉద్యోగం ఊడిందేంట్రా, మళ్ళీ స్క్రూడ్రైవర్ పట్టావు?" అంది చవేలా కౌంటర్ వెనక నుంచి. అతని అసలు ఉద్యోగమేమిటో ఆవిడకి తెలియదు.

"సెలవు పెట్టాను పిన్నీ."

"సెలవు పెట్టి మా కొట్టుకొచ్చి కూర్చునే మొహమే. పెళ్ళి చేసుకోరా అంటే వినవు."

అంతలో ఇంపాలా వచ్చి షెడ్డులో ఆగింది. ముదురు ఎరుపు, నున్నటి పాలిష్, నేలకి బెత్తెడెత్తు. స్టీరింగ్ ముందు ఎలిసెయో బారియెంటోస్, ఇస్త్రీ చొక్కా, తోలు టోపీ. ఒక్కడే ఉన్నాడు. వెనకాల వేరే కారులోంచి రెనాటా దిగింది. వీధి అవతల టైర్ల షాపులో పని ఆగిపోయింది. తెల్ల సూటు, నల్ల కళ్ళద్దాలు, నడిస్తే ఎవరి నడకా గుర్తురాదు.

"ట్వీటర్ స్పీకర్లు వచ్చాయా?" అంది కౌంటర్ దగ్గర నిలబడి.

"నల్లవి అయిపోయాయి. వెండివి ఉన్నాయి," అన్నాడు నీకో.

కోడ్ సరిపోయింది. రెనాటా గొంతు తగ్గించింది. "త్వరగా కానివ్వు. నాకు ఇలా ఒకేచోట ఉండటం నచ్చదు."

"మీరు ఆయన పక్కన కూర్చోలేదేం?"

"సీటు బెల్టులు లేని కారది," అంది మామూలుగా.

నీకో పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. "చెప్పండి తాతా, జబ్బేమిటి?"

"రెండు జబ్బులు నాన్నా. ఒక్కోసారి అసలు వెలగదు, డాష్‌బోర్డు మీద ఒక్కటిస్తే గానీ లేవదు. వెలిగాక పాట వస్తుంది, వెనక బేస్ రాదు. అంత పెద్ద పెట్టె డిక్కీలో పెట్టుకుని దోమ గొంతుతో తిరుగుతున్నాను. మా వీధిలో పిల్లలు నవ్వుతున్నారు."

"ఎవరు బిగించారు?"

"ఈ తల్లి బహుమతిగా ఇచ్చింది," అని రెనాటా వైపు మురిపెంగా చూశాడు. "తన మనిషినే పంపి బిగించింది. నా కుర్రతనంలో నేను డాన్సులాడిన పాటలన్నీ ఎక్కడెక్కడో వెతికి ఒక సీడీ కూడా చేసిచ్చింది. మా ఆవిడ పోయాక నా ఇంట్లో కూర్చుని అన్నం తిన్నది ఈ పిల్లే."

రెనాటా నవ్వింది. "ఆ సీడీ ఒక్కటేనా తాతా వింటున్నది? ఈ మూడు వారాల్లో రేడియో ఎప్పుడూ పెట్టలేదా?"

"నీ సీడీ ఉండగా నాకు రేడియో ఎందుకమ్మా?"

రెనాటా నవ్వు పెదాల మీదే ఉంది గానీ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ పట్టీని గట్టిగా పట్టుకుంది. ఒక క్షణం ఇంపాలా వంకే చూసి, "పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తినలేదు. మూల మీది కొట్లోంచి బార్బకోవా మాంసం టాకోలు తెస్తాను," అని వీధిలోకి వెళ్ళింది. నడిచి వెళ్ళేంత దూరానికి కారు తీసుకుని వెళ్ళింది.

నీకో డాష్‌బోర్డు కిందికి దూరాడు. టొలివర్ పెన్ను జేబులో మెదలకుండా ఉంది. స్టీరియో మొండికేస్తే ఏ షాపులోనైనా మొదటి వైద్యం ఒకటే: పుల్లతో రీసెట్ రంధ్రంలో పొడవడం. పొడిస్తే స్టీరియో అన్నీ మరిచిపోయి, పుట్టినప్పటిలా రేడియోతో లేస్తుంది. నీకో పుల్ల తీసి రంధ్రం మీద ఆనించాడు కూడా. అయితే వెలగని జబ్బుకి అది మందు కాదు. ముందు వైర్లు చూద్దామని పుల్ల పక్కన పెట్టాడు. ఆ సమయంలో తనూ, పెద్దాయనా, కౌంటర్లో పిన్నీ చావుకి ఎంత దగ్గరగా ఉన్నారో అతనికి తెలియదు.

మొదటి జబ్బు వెంటనే దొరికింది. తాళం తిప్పగానే కరెంటు ఇచ్చే ఎర్ర వైరును సరిగ్గా అతకలేదు. రెండు కొసలు మెలేసి టేపు చుట్టారు, అంతే. డాష్‌బోర్డు మీద కొట్టినప్పుడల్లా కొసలు తగులుకునేవి. ఈ వీధిలో అలా బిగించినవాడిని రెండో రోజు పనిలోకి రానివ్వరు. నీకో దాన్ని కోసి, సోల్డరింగ్ చేసి, "వెయ్యండి తాతా," అన్నాడు. స్టీరియో ఒక్క దెబ్బ కూడా తినకుండా వెలిగింది. సీడీ తిరిగింది. అకార్డియన్ మోత షెడ్డంతా నిండింది.

"అబ్బాయ్, చెయ్యి మంచిది నీది," అన్నాడు పెద్దాయన, సౌండ్ ఇంకా పెంచి. బేస్ మాత్రం లేదు.

నీకో వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచాడు. స్పీకర్ పెట్టె డిక్కీ వెడల్పున కూర్చుని ఉంది. అన్ని అంచులూ రెసిన్ జిగురుతో గాలి కూడా దూరకుండా మూసేశారు. పక్కనే ఆంప్లిఫయర్, దాని లైటు ఆరిపోయి ఉంది. దాన్ని నిద్రలేపాల్సిన వైరు మీద మీటర్ పెడితే సున్నా. వైరు రంగు చూశాడు. అచ్చమైన నీలం.

నీకోకి చిరాకు వేసింది. ఇక్కడి స్టీరియోలకి నీలం వైర్లు రెండుంటాయి. తెల్ల గీత ఉన్నది స్టీరియో వెలిగినంతసేపూ ఆంప్లిఫయర్‌కి కరెంటు ఇస్తుంది. గీత లేనిది యాంటెన్నాని పైకి లేపడానికి. రేడియో పెడితేనే అందులో కరెంటు. సముద్రం అవతల చాలా కార్లలో రెండు పనులకీ ఒక్కటే నీలం వైరు. అక్కడ చెయ్యి తిరిగినవాడు ఇక్కడికొస్తే సరిగ్గా ఇదే తప్పు చేస్తాడు. సీడీ పెడితే బేస్ రాదు, రేడియో పెడితే వస్తుంది. రూఢి చేసుకోవడానికి షాపులో అందరూ అనే మాటే నీకో నాలుక చివరికి వచ్చింది: తాతా, ఒక్కసారి రేడియో పెట్టండి.

అనబోతూ వైరు వెంట చూపు నడిపాడు. నీలం వైరు ఆంప్లిఫయర్ దగ్గర ఆగలేదు. దాని కింద నుంచి పాకి పెట్టెలోకి దూరింది. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకి వైర్లే లేవు. అది ఉత్త డబ్బా. పెట్టెని కొద్దిగా ఎత్తబోతే కదల్లేదు. స్పీకర్ పెట్టెలో ఉండేది గాలి. గాలికి అంత బరువుండదు.

హోబర్ట్ గుర్తొచ్చాడు. పొద్దుటి నుంచి సీడీ పాటలు. ఆ తర్వాత, ఆగు, రేడియోలో స్కోరు విని చెప్తా. ముఠా అనుకున్నది స్టీరియో వెలగగానే పేలాలని. వాళ్ళ మనిషి వైరు పొరపాటు పడ్డాడు కాబట్టి హోబర్ట్ మధ్యాహ్నం దాకా బతికాడు, ఈ పెద్దాయన మూడు వారాలు బతికాడు. ఆ పొరపాటు ఇందాక, ఇదే షెడ్డులో, ఒకరికి అర్థమైపోయింది.

ముందు సీట్లో ఫోను మోగింది.

"ఆఁ, చెప్పమ్మా," అంటున్నాడు ఎలిసెయో, పాట మీదుగా గొంతు పెంచి. "నా కేసు గురించా? వార్తల్లోనా? ఇప్పుడే చెప్తున్నారా?"

"తాతా, ముట్టుకోకండి," అని అరిచాడు నీకో. అకార్డియన్ ఆ కేకను మింగేసింది.

"రేడియో ఏ బటనో నాకు తెలీదే తల్లీ. ఎడమ పక్కనా? గుండ్రందా, చదరందా?"

డిక్కీలో వైరు తెంపవచ్చు. తెంపితే పేలేలా పెట్టారేమో తెలియదు. నీకో పరిగెత్తాడు. ఇంపాలా పొడుగు కారని ప్రపంచమంతా మెచ్చుకుంటుంది. ఆ క్షణాన నీకో దాని పొడుగును తిట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి చేరేసరికి పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, చూపుడువేలు చదరపు బటన్ మీద పెట్టాడు.

"ఇదేనా? ఒక్కసారి నొక్కితే చాలా?"

నీకో నడుం దాకా కిటికీలోంచి లోపలికి దూకాడు. ఈ వీధిలో కారు దిగిన ప్రతివాడూ దొంగల భయానికి స్టీరియో ముందు ప్లేటును పీకి జేబులో వేసుకుంటాడు. ఊహ తెలిసినప్పటి నుంచి చేసిన పని. చెయ్యి దానంతటదే వెళ్ళి కింది మీట నొక్కి ప్లేటు లాగేసింది. పాట ఆగిపోయింది. పెద్దాయన వేలు ఖాళీ గుంటలో దిగింది.



"ఏంట్రా ఇది? మతి పోయిందా?" అన్నాడు ఎలిసెయో.

నీకో ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. చెవికి ఆనించుకున్నాడు. "రేడియోలో ఏమీ రావట్లేదు మేడమ్."

అవతల ఊపిరి వినిపించింది. తర్వాత లైన్ తెగింది. మూల మీద ఒక కారు టైర్లు కీచుమన్నాయి.

నీకో పెద్దాయనను ఒక చేత్తో, పిన్నిని ఒక చేత్తో పట్టుకుని వీధి చివరికి లాక్కుపోయాడు. చవేలా దారంతా తిడుతూనే ఉంది. బాంబు స్క్వాడ్ వచ్చి పెట్టె విప్పి చూశాక, ఆవిడ మాట్లాడటం మానేసి నీకో చెంప నిమిరింది. పెన్ను ఎందుకు మోగలేదని టొలివర్ అడిగితే, స్క్వాడ్ వాళ్ళు వాసన బయటికి రానివ్వని రెసిన్ చూపించారు.

రెనాటా ఎంతో దూరం పోలేదు. రైల్వే గేటు దగ్గర గూడ్సు రైలు అడ్డంగా ఆగి ఉంది. ఇక్కడివాళ్ళు గేటు పడగానే ఇంజన్ ఆపేసి పేపరు తీస్తారు. ఆమె హారన్ కొడుతూ కూర్చుంది. టొలివర్ మనుషులు నడుచుకుంటూ వెళ్ళి తలుపు తీశారు.

ఎలిసెయో చివరికి బుల్లెట్‌ప్రూఫ్ కారే ఎక్కాడు. నీకో పక్కన కూర్చున్నాడు. కోర్టు మెట్లు కనిపించేదాకా పెద్దాయన టోపీని చేతుల్లో తిప్పుతూనే ఉన్నాడు. ఆయన సాక్ష్యం చెప్తాడో లేదోనని ముందు సీట్లో టొలివర్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"ఆ ఫోను నీ చేతికొచ్చినప్పుడు నువ్వు విన్నావు కదా," అన్నాడు ఎలిసెయో టోపీ ఒళ్ళో పెట్టుకుని. "బాధపడిందా? గొంతు ఏమైనా వణికిందా?"

నీకో విన్నది నింపాదిగా, చెవి ఒగ్గి ఎదురుచూస్తున్న ఊపిరి. అందులో బాధ ఏ మూలా లేదు.

"వణికింది తాతా," అన్నాడు.

పెద్దాయన తలూపాడు. టోపీ పెట్టుకుని, మెట్లెక్కి, లోపలికెళ్ళి, అడిగిన పేరు గట్టిగా చెప్పాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నీకో ఆడిన అబద్ధాలకు లెక్కలేదు. పైనుంచి ఆర్డర్ లేకుండా ఆడింది మాత్రం అదొక్కటే.