డిస్క్ రాకముందే

డ్యామ్ సర్వర్లు చూసే ఇంజనీరును ఉదయం తొమ్మిదింటికి లిఫ్ట్‌లో కాల్చి చంపారు. తొమ్మిదిన్నరకు ఏజెంట్ చీఫ్ ముందు నిలబడ్డాడు.

"విదేశీ ముఠా పని. కరెంటు మరమ్మతని చెప్పి డ్యామ్ ఆఫీసువాళ్లు గేట్ల సర్వర్ ఆపేస్తున్నారు. పదకొండింటికి మళ్లీ ఆన్ చేస్తారు. అప్పుడేదో జరుగుతుంది" అన్నాడు చీఫ్.

"ఆన్ చెయ్యొద్దని చెప్పండి, సార్."

"చెప్పాను. లెటర్ పెట్టమన్నారు. లోపల మన మనిషి ఉంది. కోడ్: 'డిస్క్ వచ్చిందా?' జవాబు: 'దారిలో ఉంది.'"

ఏసీ మెకానిక్ వేషంలో అతను సర్వర్ రూంలో అడుగుపెట్టేసరికి మెషీన్ పవర్ లైటు అప్పుడే వెలిగింది. దాని పక్కన ఖరీదైన సెంటు వాసన.

"డిస్క్ వచ్చిందా?"

"రాదు, బావా" అంది అతని భార్య చెల్లెలు. ఆమె ఒక చేతిలో డిస్క్, రెండో చేతిలో పిస్టల్. చీఫ్ చెప్పిన మనిషి ఈమేనన్నమాట.

గేట్ల సెట్టింగులన్నీ ఆ డిస్క్‌లోనే ఉంటాయి. అది సర్వర్‌కు జతపడి మౌంట్ అయ్యాకే గేట్ల ప్రోగ్రాం మొదలవ్వాలని కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను ఉండేది.

"తీసేశావా?"

"ఒక్క లైనే. ఇప్పుడు డిస్క్ కోసం ఆగదు. ఖాళీ ఫోల్డర్ చూస్తుంది. సెట్టింగులు లేకపోతే డ్యామ్ నిండిపోయిందనుకుని గేట్లన్నీ ఎత్తేస్తుంది. రాసినవాడి ముందుజాగ్రత్త."

"మీ అక్క ఇల్లు గేట్ల కిందే."

"పొద్దున ఫోన్ చేశాను, ఎక్కడికైనా పొమ్మని. బట్టలు నానబెట్టానంది."

అతను విసిరిన టూల్‌బాక్స్ ఆమె మణికట్టుకు తగిలింది. తూటా ఏసీలో దిగింది. పిస్టల్ ర్యాక్ కిందికి జారింది. ఆమె డిస్క్‌తో తలుపు దాటింది.

వెంటపడితే దొరికేదే. కానీ స్క్రీన్ మీద బూట్ మెనూ వచ్చింది: మెషీన్ మొదలవడానికి ఐదు సెకన్లు.

అతను కీబోర్డు మీద పడ్డాడు. నాలుగు. ఎడిట్ కీ నొక్కాడు. స్టార్టప్ లైను చివర 'ఎమర్జెన్సీ' అని కొట్టాడు. స్పెల్లింగు తప్పింది. సరిచేశాడు. ఎంటర్.

అక్షరాలు వరదలా పైకి పాకి, ఆగాయి. ఏ ప్రోగ్రామూ మొదలవలేదు. ఎమర్జెన్సీ మోడ్. గేట్లు కదల్లేదు.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశాడు. "డిస్క్?"

"పోయింది, సార్."

"సర్వర్?"

"లేవదు."

"డ్యామ్ ఆఫీసువాళ్లు కేసు పెట్టారు. బాగున్న మెషీన్ని ఏసీ మెకానిక్ పాడు చేశాడట. నువ్వెవరో మాకు తెలియదు. అర్థమైందిగా?"

ఫోన్ పెట్టగానే మళ్లీ మోగింది. ఈసారి భార్య.

"మా చెల్లి ఫోన్ ఎత్తట్లేదండీ. కాస్త ఎక్కడుందో కనుక్కోండి. మీకెలాగూ ఆఫీసులో పనేం ఉండదుగా."